బావను ఫ్రెంచిలో ఏమంటారు? నెల్లూరు బడిలో ఒక పాప రెండున్నరేళ్ల చదువు

తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో ఫ్రెంచికి 80కి 78 తెచ్చుకున్న ఒక పాప జవాబు పత్రం జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో ‘మా కుటుంబం’ అనే వ్యాసం. నాకొక ఫ్రేర్ (తోడబుట్టినవాడు), ఒక సెర్ (తోడబుట్టినది) ఉన్నారు. మా నాన్న ఇంజనీరు. ఆదివారం అందరం కలిసి పార్కుకు పోతాం. ఒక్క అక్షరం తప్పు లేదు, అక్షరాల నెత్తిన పెట్టే గుర్తులు కూడా ఒక్కటీ జారలేదు. పేపర్లు ఇచ్చిన రోజు మెచ్చుకుంటూ అడిగాను.

“ఫ్రేర్ అంటే అన్నా, తమ్ముడా పాపా?”

“ఫ్రేరే మేడమ్.”

“అదేలే, నీకన్నా పెద్దోడా, చిన్నోడా?”

కాసేపు నా మొహం చూసి, “నాకెవరూ లేరు మేడమ్, నేనొక్కదాన్నే” అంది.

నాన్న ఇంజనీరు కాదు. ట్రంకు రోడ్డు దగ్గర బట్టల అంగడి ఉంది. పార్కుకు ఎప్పుడు పోయారో ఆమెకు గుర్తు లేదు. గైడులో ఉన్న కుటుంబాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి నా ముందు పెట్టింది, దానికి నేను 78 వేశాను. పాప తప్పు ఇందులో ఏమీ లేదు. అడిగింది రాసింది. ఫ్రెంచి నేర్పుతున్నానని అన్నేళ్లుగా అనుకుంటున్న నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనిక్కడ చెప్పబోయే ఈ పాప చదువు కథ, నా మాటల్లో ఈ ‘కేసు’, అక్కడ మొదలైంది.

నేను నెల్లూరులో ఒక సీబీఎస్‌ఈ బడిలో ఆరు నుంచి పది దాకా ఫ్రెంచి చెబుతాను. శనివారం సాయంత్రాలు ఇష్టమున్న పిల్లలకు స్పానిష్ చెబుతాను. మా దగ్గర హ్యుమానిటీస్ సెక్షన్ పెట్టినప్పటి నుంచి పదకొండు, పన్నెండు తరగతులకు సోషియాలజీ కూడా నాదే. మూడూ ఒకే మనిషి చెప్పడం వల్ల నాకు దొరికిన లాభం ఒకటుంది. ఒకే పిల్ల ఒక సబ్జెక్టులో ఎట్టా ఎదిగింది, ఇంకో దాంట్లో ఎక్కడ ఆగింది అన్నది పక్కపక్కన పెట్టి చూడగలిగాను.

మా ఊళ్లో ఫ్రెంచి ఎందుకు తీసుకుంటారో అందరికీ తెలుసు. మార్కులు పడతాయని. ఇంటర్‌లో సంస్కృతం తీసుకునే లెక్కే ఇక్కడ ఫ్రెంచికీ వర్తిస్తుంది. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. పదో తరగతిలో 80 మార్కులు రాతపరీక్ష, 20 బడి చేతిలో. పిల్ల నోట్లోంచి ఒక్క ఫ్రెంచి మాట రాకపోయినా పైనున్న బోర్డుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. వాళ్ల గొంతు వినేది టీచరు ఒక్కతే. ఆమె కూడా వినకపోతే ఇంక ఎవరూ వినరు.

అర్ధసంవత్సరం తర్వాత తరగతిలో ఒకే ఒక నియమం పెట్టాను. మీ గురించి రాసే వాక్యం, చెప్పే వాక్యం నిజం కావాలి. తప్పులున్నా సరే, అబద్ధం ఉండకూడదు. దానితోపాటు రెండు పనులు మొదలుపెట్టాను. ప్రతి పిల్లకూ ఒక తప్పుల పుస్తకం, అంటే నేను కొట్టేసిన వాక్యం పక్కన, ఆ వాక్యం ఎందుకు అట్లా వచ్చిందో పిల్ల తెలుగులో రాసుకునే పుస్తకం. ఇక నెలకోసారి ఒక్కొక్కరి గొంతూ ఒక నిమిషం నా ఫోనులో రికార్డు చేయడం. ఈ కేసులో నేను చెప్పేదంతా ఆ పుస్తకాల నుంచి, ఆ రికార్డుల నుంచి వచ్చిందే.

తప్పులు పెరిగిన నెలలు

నియమం పెట్టాక ఆ పాప రాసిన మొదటి నిజమైన వాక్యం ఇది: ఆ మోఁ పేర్ ఎ అఁ మగజాఁ. ఫ్రెంచి వచ్చినవాళ్లకు చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. సరైన మాట మోఁ పేర్ ఆ అఁ మగజాఁ. ‘నాన్న అంగడిని కలిగి ఉన్నాడు’ అన్న తీరు వాక్యం అది. మనకు ‘కలిగి ఉండు’ అన్నది పుస్తకాల్లో తప్ప నోట్లో ఉండదు. నాన్నకు అంగడి ఉంది అంటాం. ఆమె ‘నాన్నకు’ను ‘ఆ మోఁ పేర్’ చేసింది, ‘ఉంది’ని ‘ఎ’ చేసింది. గైడు వాక్యం రాసినప్పుడు ఆమె తలలో ఏమీ జరగలేదు. ఈ తప్పు వాక్యం రాసినప్పుడు మాత్రం తెలుగు మొత్తం కదిలి ఫ్రెంచి వైపు ఒక అడుగు వేసింది. ఆ వాక్యాన్ని కొట్టేయడానికి నాకు చేయి రాలేదు. అయినా కొట్టేశాను, పక్కన ఒక నక్షత్రం గీశాను.

భాషలు నేర్పేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నేర్చుకునేవాళ్ల తప్పులు వాళ్ల బుర్రలో తయారవుతున్న సొంత వ్యాకరణానికి ఆనవాళ్లని భాషాశాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లోనే రాశాడు. 1972లో ఇంకో భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ ఆ నడిమి భాషకు ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని ఒక పేరే పెట్టాడు. అది అమ్మభాషా కాదు, నేర్చుకునే భాషా కాదు, రెండింటి మధ్య పిల్ల కట్టుకునే తాత్కాలికపు పాక. ఇంగ్లీషు ఇళ్లలో పిల్లలు మొదట ‘వెంట్’ అని సరిగ్గానే అంటారు, కొన్నాళ్లకు ‘గో’కు ‘ఎడ్’ తగిలించి ‘గోడ్’ అని తప్పుగా అంటారు, ఆ తర్వాతే మళ్లీ ‘వెంట్’కు చేరతారు. మధ్యలో వచ్చే ఆ పల్లం వెనక్కి పోవడం కాదు, సూత్రం పట్టుబడిందనడానికి గుర్తు. ఇదంతా నేను ఎప్పుడో చదువుకున్నదే. నా తరగతిలో నా కళ్ల ముందు ఒక పిల్ల ఆ పల్లంలో దిగుతుంటే గుర్తుపట్టడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.

ఉచ్చారణలో ఆమెకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఫ్రెంచిలో త, ద మన త, ద లాగే పళ్లకు తగిలి పలుకుతాయి. ఇంగ్లీషు అలవాటుతో పిల్లలు ట, డ పలుకుతారు. “తలలో త అను, టమాటాలో ట కాదు” అంటే చాలు, సగం సర్దుకుంటుంది. ముక్కుతో పలికే అచ్చులకు నేను బోర్డు మీద అరసున్న వాడతాను. ఈ కాలపు పిల్లలకు అరసున్న తెలియదు, ఇంటికి పోయి తాతలను అడుగుతారు. ఒక తాత అయితే మనవరాలి ఫ్రెంచి నోటుబుక్కులో అరసున్న కనిపించిందని నన్ను చూడడానికే బడికి వచ్చాడు. పాత పద్యాల పుస్తకాల్లో ఊరికే పడి ఉంటుందనుకున్న గుర్తు ఇట్టా పనికొస్తుందని ఆయన అనుకోలేదట. నాకు ఆ రోజు చాలా ఆనందం వేసింది.

తొమ్మిది ముగిసేసరికి ఆమె మార్కులు 61కి పడ్డాయి. వాళ్లమ్మ, నాన్న ఇద్దరూ వచ్చారు. అమ్మ నెమ్మదిగా, “చదవడం మానేసిందా మేడమ్? ఇంట్లో పుస్తకం పట్టుకునే ఉంటది గదా” అంది. నాన్న, “ట్యూషన్ పెట్టిస్తాం, పది బోర్డు, ఎట్టా మరి?” అన్నాడు. నేను రెండు నోటుబుక్కులూ వాళ్ల ముందు పరిచాను. ఇది మీ ఇల్లు కాదు, ఇది మీ ఇల్లు అని చూపించాను. అంగడి గురించి, దసరాకు గుట్టలుగా వచ్చిపడే వెంకటగిరి చీరల గురించి, కరెంటు పోతే అంగట్లో వేడి గురించి రాసిన పేజీలు ఆయన వేలు పెట్టి చూశాడు. చదవలేడు. కూతురు పక్కన నిలబడి చదివి తెలుగులో చెప్పింది. ఆయన ఏమీ అనలేదు, ట్యూషన్ మాట కూడా మళ్లీ ఎత్తలేదు. కానీ ఒప్పుకున్నాడని నేను అనుకోను. కూతురి మీద ప్రేమ కొద్దీ ఊరుకున్నాడు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటుంది. మార్కులు తగ్గుతాయని నాకు ముందే తెలుసు. అది వాళ్లకు ముందే చెప్పాల్సింది. చెప్పకుండా ఒక బిడ్డను ఇంట్లో మూడు నెలలు తిట్లకు వదిలేశాను.

పక్కన ఇద్దరు

ఈ పాప నడకను కొలవడానికి అదే కాలంలో ఇంకో ఇద్దరు నాకు పనికొచ్చారు.

ఒకరు మా ఊళ్లోనే జెండావీధి నుంచి వచ్చే అమ్మాయి, ఇంట్లో ఉర్దూ. ఫ్రెంచిలో వస్తువులకు కూడా ఆడ, మగ తేడా ఉంటుంది. తెలుగు పిల్లలకు ఇది ఎంతకూ మింగుడు పడదు, ఎందుకంటే మనకు బల్ల, కుర్చీ, ఇల్లు అన్నీ ‘అది’. జెండావీధి అమ్మాయికి మాత్రం మొదటి రోజే అర్థమైంది. విశేషణం మార్చాలని ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, బడా, బడీ అన్నట్టే గ్రాఁ, గ్రాఁద్ అనేసేది. చిక్కు ఎక్కడొచ్చిందంటే ఆమె ఉర్దూలో ఉన్న లింగాన్నే ఫ్రెంచికి అంటించింది. మేజ్ (బల్ల) స్త్రీలింగం, ఫ్రెంచి తాబ్ల్ కూడా స్త్రీలింగమే, సరిపోయింది. కుర్సీ, షేజ్ కూడా సరిపోయాయి. కితాబ్ (పుస్తకం) స్త్రీలింగం, లీవ్ర్ పుంలింగం, అక్కడ తప్పింది. ఘర్ (ఇల్లు) పుంలింగం, మేజోఁ స్త్రీలింగం. దర్వాజా (తలుపు) పుంలింగం, పోర్త్ స్త్రీలింగం. తప్పుల పుస్తకంలో ఆమె చేత రెండు జాబితాలు రాయించాను, కలిసేవి ఒక పక్క, కలవనివి ఒక పక్క. ఏడు వారాలకు ఆ తప్పులు దాదాపు పోయాయి. తెలుగు పిల్లలకు అదే పనికి ఏడాది పట్టింది, కొందరికి ఇంకా పూర్తి కాలేదు. తెలివిలో తేడా లేదు, వాళ్లు ఇంటి నుంచి మోసుకొచ్చిన సామాను వేరు.

రెండోవాడు సముద్రం ఒడ్డున మైపాడు వైపు నుంచి వచ్చే అబ్బాయి, వాళ్లకు వనామి రొయ్యల గుంటలున్నాయి. వీడి కథ నాకు ఎంతో ఇష్టం. శనివారం స్పానిష్‌కు ఎందుకొచ్చావురా అంటే, “మా నాయన రోజూ ఈక్వెడార్ వాళ్లని తిడతంటాడు మేడమ్, ఆడ సరుకు ఎక్కువైతే ఈడ రేటు పడిపోతదంట. వాళ్లేం రాసుకుంటన్నారో చూద్దామని” అన్నాడు. పదమూడేళ్ల వాడు. వనామి అసలు మన రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ ఒడ్డు దాని పుట్టిల్లు. 2009లో మన దేశంలో దాన్ని పెంచడానికి అనుమతి వచ్చాక మా జిల్లా తీరం రూపమే మారిపోయింది. ఈక్వెడార్ భాష స్పానిష్. వాడి లెక్క పూర్తిగా సరైనదే.

స్పానిష్‌లో ‘నాకు రొయ్యలు ఇష్టం’ అనడానికి మే గుస్తాన్ లోస్ కమరోనెస్ అంటారు. రొయ్యలు కర్త, నాకు అన్నది ‘మే’. అచ్చం తెలుగు వాక్యం తీరే. మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ‘యో గుస్తో’ అని తప్పు రాశారు, ఇంగ్లీషు ‘ఐ లైక్’ వాళ్లను లాగేసింది. అయిదో తరగతి దాకా పల్లెలో తెలుగులో చదువుకున్న వీడు ఒక్కసారి వినగానే పట్టేశాడు. “నాకు తలనొప్పి” కూడా అంతే, మే దువేలే లా కబేసా. క్రియలోనే కర్త దాగి ఉంటుంది, వస్తాను అంటే నేను అనక్కర్లేనట్టు ఆబ్లో (మాట్లాడతాను) అంటే చాలు. పెరో, పెర్రో తేడా, అంటే మామూలు రేఫకూ బండి ‘ఱ’ లాంటి దానికీ ఉన్న తేడా, వాడి నోట్లో పుట్టుకతో ఉన్నట్టే పలికింది.

సేర్, ఎస్తార్ దగ్గర అందరూ పడతారు. ఇంగ్లీషులో ఒక్క ‘ఈజ్’ చేసే పనిని స్పానిష్‌లో రెండు క్రియలు పంచుకుంటాయి. నేను పట్టిక రాసి చెప్పాను. వీడు రెండు వారాల తర్వాత వాడి సూత్రం వాడే చెప్పాడు. “తెలుగులో ఏమీ రాకపోతే సేర్ మేడమ్. ఉంది అని వస్తే ఎస్తార్.” ఆయన డాక్టరు, ఇది రొయ్య, క్రియ లేదు, కాబట్టి సేర్. నీళ్లు చల్లగా ఉన్నాయి, నాయన గుంట దగ్గర ఉన్నాడు, కాబట్టి ఎస్తార్. నేను నోరు తెరిచి ఉండిపోయాను. చాలావరకు నిలబడే సూత్రం అది. ‘ఇల్లు పెద్దగా ఉంది’ దగ్గర విరుగుతుంది, అక్కడ స్పానిష్‌కు సేర్ కావాలి. అది చెబితే వాడు ఒక వారం ఆలోచించి, “ఇల్లు రేపు కూడా పెద్దదే గదా మేడమ్, పెద్దదే అనుకుంటే సరిపోతది” అన్నాడు. ‘పెద్దగా ఉంది’ని ‘పెద్దది’ చేసుకుంటే క్రియ పోయింది, సేర్ వచ్చింది. ఇంతకన్నా మంచి వ్యాకరణ పాఠం నేను చెప్పలేదు.

మా పుస్తకంలో పిసీనా అంటే ఈత కొలను. వాడు ఈక్వెడార్ వార్త ఒకటి తెచ్చి, ఇందులో రొయ్యల్ని ఈత కొలనులో పెంచుతున్నారే అని అడిగాడు. అక్కడి రైతులు రొయ్యల గుంటనే పిసీనా అంటారు. ఆ రోజు నుంచి వాడికి నిఘంటువు మీద కొంచెం అనుమానం వచ్చింది, అది మంచి అనుమానం. పదో తరగతి మధ్యలో వాళ్ల గుంటలకు వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలింది. శనివారాలు రావడం ఆగిపోయింది. తర్వాత ఇంటర్ హాస్టలుకు పంపారు. వాడి కేసు నేను పూర్తి చేయలేకపోయాను.

బావ

మళ్లీ మన పాప దగ్గరకు వస్తాను. పదో తరగతి, శ్రావణ మాసం. వాళ్ల మేనత్త కూతురి పెళ్లికి కందుకూరు పోయొచ్చి దాని గురించి రాస్తోంది. సగంలో ఆగి, “మేడమ్, బావని ఫ్రెంచిలో ఏమంటారు?” అంది.

“ఏ బావ? అక్క మొగుడా, మామ కొడుకా?”

“మామ కొడుకు.”

“కుజాఁ.”

“మరి చిన్నాయన కొడుకు?”

“కుజాఁ.”

“ఛీ మేడమ్!” అంది. తరగతి మొత్తం తిరిగి చూసింది. “చిన్నాయన కొడుకు అన్న గదా. బావా అన్నా ఒకటెట్టా అవుతారు?”

ఆ ‘ఛీ’ నాకు రెండున్నరేళ్లలో దొరికిన అన్నిటికన్నా విలువైన మాట. ఆ పాప మొదటిసారి ఫ్రెంచి మీద కోపగించుకుంది. కోపం రావాలంటే ఆ భాషను నిజంగా నమ్మాలి.

పాఠం పక్కన పెట్టేశాను. బోర్డు మీద రెండు ఇళ్లు గీశాం. మన ఇంట్లో మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు ఒక వైపు, వాళ్లు బావలు, వదినలు, మరదళ్లు. చిన్నాయన పిల్లలు, పెద్దమ్మ పిల్లలు ఇంకో వైపు, వాళ్లు అన్నలు, చెల్లెళ్లు. ఫ్రెంచి ఇంట్లో అందరూ కుజాఁ, కుజీన్. అక్క మొగుడు మనకు మళ్లీ బావే, వాళ్లకు మాత్రం వేరే మాట, బో ఫ్రేర్. అమ్మ తమ్ముడు మనకు మామ, మొగుడి తండ్రీ మనకు మామే. వాళ్లకు ఒకరు ఓంక్ల్, ఇంకొకరు బో పేర్. వాళ్లు విడదీసిన చోట మనం కలిపాం, మనం విడదీసిన చోట వాళ్లు కలిపారు. బెల్ మేర్ అంటే అత్తగారు, అదే మాటకు సవతి తల్లి అని కూడా అర్థం అంటే పిల్లలు బల్లలు చరిచారు. జెండావీధి అమ్మాయి లేచి, మా ఇంట్లో మామూ, చచా, ఫుప్పీ, ఖాలా, నాలుగూ వేరు, నాలుగు వైపులా సంబంధం కలుపుకోవచ్చు అంది. బోర్డు మీద మూడో ఇల్లు గీయాల్సి వచ్చింది.

ఎందుకు ఇట్టా అని అడిగింది మన పాపే. మేనమామ కొడుకును చేసుకునే ఆచారం ఉన్నచోట మేనమామ రేపటి మామగారు. అందుకే ఇద్దరికీ ఒకే మాట. భాషలో పెళ్లి దాగి ఉంది. ఆ సంగతి చెబుతున్నప్పుడు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. ఈ కేసుకు ఫ్రెంచి వైపు నుంచే ఒక ముడి ఉందని కూడా చెప్పాను. అమెరికా మనిషి లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో లోకంలోని చుట్టరికపు మాటలను పోగుచేసి పుస్తకం వేసినప్పుడు తమిళం, తెలుగు మాటలు కూడా అందులో చేరాయి. తర్వాత తమిళ పల్లెల్లో ఉండి పనిచేసిన ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమోఁ, 1953లో, ద్రావిడ చుట్టరికపు మాటల గుట్టు పెళ్లిలోనే ఉందని రాశాడు. మనం బోర్డు మీద గీసింది ఆయన పట్టుకున్న ముడినే. అదే ఏడు మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే భారతదేశపు బంధుత్వాల మీద పుస్తకం తెచ్చింది, దక్షిణాదిని విడిగా ఒక మండలంగా చూపించింది.

పదో తరగతి బోర్డులో ఆమెకు ఫ్రెంచి రాతలో 71 వచ్చింది. తొమ్మిదిలో వచ్చిన 78 కన్నా తక్కువే. అదే ఎండాకాలం చెన్నైలో డెల్ఫ్ ఏ1, అంటే ఫ్రెంచి భాషా సర్టిఫికెట్టుకు మొదటి మెట్టు పరీక్ష, రాసింది. అది నాలుగు భాగాల పరీక్ష, వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25. వందకు 50 వస్తే పాసు, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడడంలో 20 దాటింది. వినడంలో 11. ఆ 11 నాదే. నెల్లూరులో ఆమె విన్న ఫ్రెంచి గొంతు నాదొక్కటే, అది కూడా నెల్లూరు గొంతు. రైల్లో తిరిగి వస్తూ, “ఆ క్యాసెట్లో ఆయన మీలాగా ఆగి ఆగి చెప్పట్లేదు మేడమ్” అంది. అప్పటి నుంచి ప్రతి క్లాసులో మొదటి అయిదు నిమిషాలు నేను మాట్లాడను, ఫ్రెంచి రేడియో మాట్లాడుతుంది.

సోషియాలజీలో మళ్లీ మొదటికి

పదకొండులో ఆమె హ్యుమానిటీస్ తీసుకుంది. ఇంట్లో దాని కోసం జరిగిన గొడవ వేరే కథ. కుటుంబం, వివాహం, బంధుత్వం పాఠం వచ్చింది. ఇక ఈ పాప దూసుకుపోతుందని నేను ధీమాగా ఉన్నాను. మొదటి టెస్టు పేపరు చూస్తే గుండె జారింది. కుటుంబానికి పుస్తకంలోని నిర్వచనం, పొల్లు పోకుండా. ఉదాహరణలు కూడా పుస్తకంలోవే. బావ గురించి ఒక్క మాట లేదు. ఎందుకు రాయలేదే అంటే, “అది ఫ్రెంచి గదా మేడమ్” అంది.

ఈ వాక్యం దగ్గర నేను చాలాకాలం ఆగాను. ఒక సబ్జెక్టులో సొంతంగా ఆలోచించడం వచ్చిన పిల్లకు ఇంకో సబ్జెక్టులో అది దానంతట అదే రాదు. సబ్జెక్టు మారగానే పిల్ల మళ్లీ గైడు దగ్గరకు పోతుంది, ఎందుకంటే కొత్త ఇంట్లో అందరికీ ముందు భయమే ఉంటుంది. నిజం చెప్పాలి అన్న నియమాన్ని మళ్లీ పెట్టాను. ఆమె మళ్లీ పల్లంలోకి దిగింది. రెండో టెస్టులో ‘తెలుగువాళ్లందరూ మేనరికం చేసుకుంటారు’ అని రాసింది. వాళ్లింటిని చూసి రాష్ట్రమంతటికీ తీర్పు చెప్పేసింది. తప్పే, కానీ ఈసారి ఆ తప్పు ఆమెదే, గైడుది కాదు. “ఎంతమందిని అడిగావు?” అన్నాను. “ఎవర్నీ అడగలేదు.” “అయితే అడిగి రా.”

అక్కడ నేను తొందరపడ్డాను. వాళ్ల అంగట్లో పనిచేసే ఒక అమ్మను ఆమె నోటుబుక్కు పట్టుకుని, మీది మేనరికమా అని అడిగింది. ఆ తల్లి కొడుక్కు పుట్టుకతో చెవుడు. దగ్గరి సంబంధం వల్లే అని ఎవరో డాక్టరు ఎప్పుడో అన్నాడట. ఆమె చీరలు మడత పెడుతూ పెడుతూ కూలబడి ఏడ్చింది. పాప మరుసటి రోజు బడికి రాలేదు. నేనే వాళ్లింటికి పోయాను. తర్వాత ఇద్దరం కలిసి ఆ తల్లి దగ్గరకు పోయి క్షమాపణ అడిగాం. ఆమె పాప తల నిమిరి, “నీకేం తెలుసు తల్లీ” అంది.

తెలియాల్సింది నాకు. పరిశోధన పద్ధతుల పాఠం పుస్తకంలో చివర ఉంది కదా అని చివరకే వదిలేశాను. ఎవర్ని అడగాలి, ఎట్టా అడగాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, జవాబు చెప్పకపోయే హక్కు ఎదుటివాళ్లకు ఉందని ముందుగా ఎట్టా చెప్పాలి, ఇవి చెప్పకుండా పదహారేళ్ల పిల్లను జనం మీదకు పంపకూడదు. భాషలో తప్పు చేస్తే నవ్వుతారు, అంతే. సోషియాలజీలో తప్పు ఇంకొకరి మీద పడుతుంది. తప్పు చేయనీ అన్న నా పద్ధతిని ఒక సబ్జెక్టు నుంచి ఇంకో దానికి కళ్లు మూసుకుని మోసుకొచ్చాను, పాప గైడును మోసుకొచ్చినట్టే.

ఆ నెల తప్పుల పుస్తకంలో ఆమె రాసుకున్నది నేను దిద్దలేదు. కొట్టేసిన వాక్యం చోట తన ప్రశ్నను రాసింది, పక్కన ‘నేను అడిగిన పద్ధతి వల్ల ఆమె తప్పు చేసినట్టు అయింది’ అని రాసింది. ఆ తర్వాత ఆమె ప్రశ్నలు మారాయి. మీ పెళ్లి ఎట్టా కుదిరింది అని అడిగేది, ఎదుటివాళ్లు చెప్పింది విని ఊరుకునేది. పన్నెండు మందితో మాట్లాడింది. అందులో మేనరికాలు తన అమ్మమ్మ తరంలో ఎక్కువ, అమ్మ తరంలో తక్కువ, తన అక్కల వరసవాళ్లలో ఇంకా తక్కువ కనిపించాయి. “పన్నెండు మందే కాబట్టి జిల్లా గురించి ఏమీ చెప్పలేను” అని ఆమే చివర రాసింది. ఆ వాక్యాన్ని నేను చెప్పి రాయించలేదు.

ఫ్రెంచి సోషియాలజీ పండితుడు డుర్కెమ్ పాఠంలో ఇంకో చిన్న సంగతి. ఆయన సమష్టి చైతన్యం అన్నచోట ఫ్రెంచిలో కోఁస్యాఁస్ అన్న మాట ఉంది. దానికి మనస్సాక్షి అనీ అర్థం, చైతన్యం అనీ అర్థం. ఇంగ్లీషులో రెండింటికీ వేరు మాటలు, అనువదించేవాళ్లు ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఆమె ఫ్రెంచి నోటుబుక్కు తెరిచి, “ఇది మళ్లీ బావ లాంటిదే మేడమ్” అంది. ఈసారి ‘అది ఫ్రెంచి గదా’ అనలేదు.

ఆమె ఇప్పుడు పన్నెండులో ఉంది. మార్కులు 70 నుంచి 80 మధ్య ఊగుతున్నాయి, వాళ్ల నాన్న ఇంకా పూర్తిగా సంతోషపడలేదు. జెండావీధి అమ్మాయి కామర్స్‌కు పోయింది, ఫ్రెంచి వదిలేసింది, దారిలో కనిపిస్తే మాత్రం బోఁజూర్ అంటుంది. మైపాడు అబ్బాయి హాస్టల్లో ఫోను ఉండదు. సంక్రాంతికి ఇంటికొచ్చి, నీళ్లు నింపిన గుంట ఫోటో కింద ‘ఎల్ ఆగువా ఎస్తా ఫ్రియా’ అని పెట్టాడు. చల్లగా ఉన్నాయి కాబట్టి ఎస్తా, సరిగ్గానే వాడాడు.

ఈ ఏడు మూడు మార్పులు చేశాను. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులను జులైలోనే పిలిచి, అర్ధసంవత్సరానికి మార్కులు తగ్గవచ్చు, ఎందుకో ఇది అని పాత నోటుబుక్కులు చూపించాను. ఇద్దరు పిల్లల్ని హిందీకి మార్చేశారు, మిగతావాళ్లు ఉంచారు. పదకొండులో పద్ధతుల పాఠం మొదట చెబుతున్నాను, ముందు ఒకరినొకరు ప్రశ్నలడిగి, అడిగించుకుంటే ఎట్లా ఉంటుందో చూశాకే బయటకు పంపుతున్నాను. ఇక ఫ్రెంచిలో కుటుంబం పాఠం వచ్చినప్పుడు, బోర్డు మీద ఆ ఇళ్లు గీయాలని చేయి లాగుతుంది. గీయడం లేదు. ఎవరో ఒకరు ఒక పెళ్లికి పోయొచ్చి బావ గురించి అడిగేదాకా చూస్తున్నాను. ఈసారి ఇంకా ఎవరూ అడగలేదు.